పడమటి కిటికీకి పరదా

మా ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ ఒక్కసారే ఎదురు చెప్పాడు. "సార్, పడమర దిక్కు గింత పెద్ద కిటికీ వద్దు. ఎండ మొత్తం ఇంట్లకే వస్తది" అన్నాడు.

మావారు ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఏళ్ళ తరబడి పిల్లలకు కోణాలు నేర్పిన మనిషికి సూర్యుడి గురించి మేస్త్రీ చెప్పడమేమిటి? వెంటనే కాగితం తీసి, గీతలు గీసి, సజ్జ నీడ ఎక్కడిదాకా పడుతుందో నిరూపించారు. మేస్త్రీ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సరే సార్, మీ ఇష్టం" అని ఇటుకలు పక్కకు జరిపాడు. అలా సూర్యాపేట శివారులోని మా కొత్తింటి హాలుకు, గోడలో సగం తినేసిన కిటికీ ఒకటి వచ్చింది.

చలికాలమంతా ఆ కిటికీ మా ఇంటికి అందమే. చుట్టాలెవరొచ్చినా మావారు మంచినీళ్ళకన్నా ముందు వాళ్ళను కిటికీ దగ్గరికి తీసుకుపోయేవారు. అవతల ఖాళీ ప్లాట్లు, వాటి వెనక తుమ్మచెట్లు, ఇంకా వెనక వరి పొలాలు, సాయంత్రమైతే ఎర్రబారిన ఆకాశం. "సూసిండ్రా? హోటళ్ళల్ల గిట్లాంటి రూముకు మస్తు కిరాయి తీసుకుంటరు" అనేవారు. చుట్టాలు తలూపి, టీ కోసం నా వైపు చూసేవారు.

ఏప్రిల్ వచ్చింది. మావారి లెక్కలో తప్పేమీ లేదని అప్పుడు తెలిసింది. కాకపోతే ఆ లెక్క మిట్టమధ్యాహ్నానికి వేసింది. మూడు గంటలకు సూర్యుడు సజ్జ కిందికి దిగి, చెప్పులు కూడా విడవకుండా నేరుగా మా సోఫాలోకి వచ్చి కూర్చునేవాడు.

నేను సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సును. ఎండాకాలంలో పొద్దుటి డ్యూటీ అంటే వడదెబ్బ తగిలినవాళ్ళకు సెలైన్ పెట్టడం, తడిగుడ్డలు వేయడం, "ఎండల తిరగకుండ్రి, ఇంటి పట్టున ఉండుండ్రి" అని అందరికీ చెప్పడం. అంత చెప్పి ఇంటికొచ్చి తలుపు తీస్తే, బయటే కాస్త నయమనిపించేది. సోఫా మీద చెయ్యి పెడితే జ్వరం వచ్చినవాళ్ళ నుదురులాగా ఉండేది. టీవీ రిమోటును కొంగుతో పట్టుకోవాల్సి వచ్చేది.

పిల్లలిద్దరూ చదువులకు హైదరాబాదులో ఉన్నారు. వేసవి సెలవులు కాబట్టి మావారు ఇంట్లోనే ఉండాలి. ఒకరోజు వచ్చేసరికి హాల్లో లేరు, పడకగదిలో లేరు. వెతగ్గా వెతగ్గా వంటింటి పక్కన సామాన్ల గదిలో దొరికారు. బియ్యం బస్తాకు ఆనుకుని, ముక్కాలి పీట మీద కూర్చుని పేపరు చదువుతున్నారు.

"గీడ కూసున్నరేంది?" అన్నాను.

"గాలి మంచిగొస్తది" అన్నారు, పేపరు మీంచి తల ఎత్తకుండా.

ఆ గదికి కిటికీయే లేదు.

నేను నవ్వలేదు. నవ్వితే ఇంకో వారం ఆ గదిలోంచి బయటికి రారని తెలుసు. మెల్లగా, "హాల్ల కిటికీకి ఒక పరదా ఏసుకుంటె అయిపోతది గద" అన్నాను.

"పరదా ఏసుకునేదానికి కిటికీ ఎందుకు పెట్టుకున్నట్టు?" అన్నారు. పేపరు పేజీ తిప్పి, "ఈ యేడు ఎండలు జర ఎక్కువున్నయి" అని తప్పంతా ఎండ మీదికి తోశారు.

అయితే ఆ మాట ఆయన మనసులో పడింది. రెండు రోజుల తర్వాత బజారు నుంచి ఒక పొడుగాటి చుట్ట తెచ్చారు. కార్ల అద్దాలకు వేస్తారే, అలాంటి మెరిసే రేకు. లోపలినుంచి బయట కనపడుతుంది, బయటినుంచి లోపలికి కనపడదు, ఎండ అద్దం మీదే తిరిగిపోతుంది అని షాపువాడు చెప్పాడట. పనివాణ్ణి పిలుద్దామంటే వినలేదు. "గింత పనికి మనిషెందుకు?" అని సబ్బునీళ్ళు కలిపి, బనీనుతో బల్ల ఎక్కి, ఒక ఆదివారమంతా తానే అంటించారు. సాయంత్రానికి కిటికీ నిండా అప్పడం మీద పొంగుల్లాగా బుడగలు లేచాయి. స్కేలు పెట్టి ఒక బుడగను నొక్కితే ఇంకోచోట లేచేది.

మర్నాడు తెల్లారగానే టకటకమని చప్పుడు. లేచి చూస్తే ఒక గోరింక. అద్దంలో కనపడుతున్న తన బొమ్మతో కొట్లాటకు దిగింది. అది అలిసిపోయి వెళ్ళాక జనం మొదలయ్యారు. మా ఇంటి పక్కనుంచి పోయే ప్రతివాళ్ళకూ ఆ కిటికీ నిలువుటద్దమైంది. ఒకావిడ చెంగు సర్దుకుంది. ఒక పెద్దాయన మీసం చూసుకున్నాడు. ఇద్దరు పిలగాళ్ళు బండి ఆపి, జేబుల్లోంచి దువ్వెనలు తీసి, పెళ్ళికొడుకుల్లాగా దువ్వుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళిద్దరూ మావారి స్కూలు పిల్లలే. లోపల సరిగ్గా వాళ్ళ ముఖాలకు మూరెడు దూరంలో ఆయన కూర్చుని ఉన్నారు. ఎంతసేపు ఓర్చుకున్నారో పాపం, చివరికి, "దువ్వింది సాలు, పదో ఎక్కం సదువుకో పో!" అని అరిచారు. గోడే మాట్లాడిందనుకున్నారేమో, దువ్వెనలు అక్కడే పడేసి పారిపోయారు.

గోరింక మాత్రం పారిపోలేదు. నాలుగో రోజు మావారు నా దోసెల అట్లకాడ తీసుకుని ఆ రేకంతా గీకేశారు. ఆ అట్లకాడ మళ్ళీ దోసెకు పనికిరాలేదు.

ఇంతలో కోదాడ నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. మావారికి అక్క, ఆయనకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. వీళ్ళది నిడమనూరు దగ్గర పల్లె అయినా, ఆమె పెళ్ళయి కోదాడ వెళ్ళి చాలా ఏళ్ళయింది. మాట సగం ఆంధ్రా, సగం మనదీ అయిపోయింది. "మా ఇంటికొచ్చి చూడరా తమ్ముడూ. పరదాలంటే ఎలా ఉండాలో తెలుస్తుంది. మధ్యాహ్నం కూడా దుప్పటి కావాలనిపిస్తుంది" అంది.

ఆ ఆదివారమే బస్సెక్కాం. మండుటెండలో నడిచి వాళ్ళింట్లోకి అడుగు పెట్టగానే నాకు కళ్ళు పోయాయనుకున్నాను. అంత చీకటి. కిటికీలకు మెరూన్ రంగు మందపాటి పరదాలు, వాటి వెనక ఇంకో వరస నల్లవి. చల్లగా ఉందో లేదో తెలుసుకునే లోపే, మావారు చేత్తో తడుముకుంటూ వెళ్ళి సోఫాలో కూర్చున్నారు. సోఫా "అమ్మో!" అని అరిచింది. మధ్యాహ్నం కునుకు తీస్తున్న మా ఆడబిడ్డ భర్త మోకాళ్ళ మీద కూర్చున్నారన్నమాట.

"ఎవరూ? బావమరిదా?" అన్నాడాయన, కాళ్ళు సవరదీసుకుంటూ.

"నేనే బావా, జర కనపళ్ళే."

"నాకు రోజూ కనపడదులే. అలవాటైపోయింది" అన్నాడాయన. పాపం, అందులో ఫిర్యాదు ఉందో లేదో ముఖం చూసి తెలుసుకుందామన్నా ముఖం కనపడదు.

మా ఆడబిడ్డ మజ్జిగ తెచ్చింది. గ్లాసు అందుకోబోయి నేను ఆమె గాజులు పట్టుకున్నాను. "చూశావా ఎంత చల్లగా ఉందో?" అని ఆమె అడిగితే, "చూళ్ళేదు వదినా, కానీ సల్లగనే ఉంది" అన్నాను. ఆమె గట్టిగా నవ్వింది. నిజానికి ఆమెను ఏమన్నా నవ్వేస్తుంది. అందుకే ఆమె మాట కాదనడం కష్టం.

తర్వాత ఆమెకు సాయంగా వంటింట్లోకి వెళ్ళాను. అక్కడ పరదా లేదు కాబట్టి మనుషులం ఒకరికొకరం కనపడ్డాం. వంకాయలు తరుగుతూ ఆమె ఉన్నట్టుండి, "వాడు ఆ కిటికీ మూయనంటున్నాడు కదూ?" అంది.

"మూయడం కాదు వదినా, పరదా అన్న మాటే ఇననంటరు."

"వినడమ్మా. మా పాత ఇంటికి ఒక్కటే కిటికీ. కిటికీ అంటే ఏంటి, పళ్ళెం అంత. నాన్న తలుపు తీయనిచ్చేవాడు కాదు, మేకలు లోపలికొస్తాయని. వీడు ఆ వెలుతురు ఎటు జరిగితే అటు పుస్తకం జరుపుకుంటూ చదివేవాడు. పొద్దున ఆ గోడ దగ్గర మొదలుపెడితే సాయంత్రానికి ఈ గోడ దగ్గరికొచ్చేవాడు. పెద్దయ్యాక గోడ లేకుండా ఇల్లు కట్టుకుంటానక్కా అనేవాడు."

ఇరవై మూడేళ్ళ కాపురంలో ఆయన నాకు ఈ మాట చెప్పలేదు. తరిగిన వంకాయ ముక్కలు ఉప్పునీళ్ళలో వేశాను. కాగితం మీద గీసిన ఆ గీతలన్నీ మేస్త్రీకి చూపించడానికే గానీ, కిటికీ వెడల్పు అంతకు ఎప్పుడో ముందే తేలిపోయిందన్నమాట.

అయినా ఎండ ఎండే. మరుసటి వారం నా వంతు వచ్చింది. మిర్యాలగూడలో మా తమ్ముడు రైసుమిల్లులో సూపర్‌వైజరు. వాడింట్లో కిటికీలకు వట్టివేళ్ళ చాపలు వేలాడదీసి నీళ్ళు చల్లుతారు. ఊరంతా తవుడు వాసనైతే, వాడిల్లు మాత్రం తడిసిన మట్టి వాసన వేస్తుంది. మావారు లోపలికి రాగానే గట్టిగా ఊపిరి పీల్చి, కుర్చీలో వెనక్కి వాలి, మా తమ్ముడు మిల్లు సంగతులు చెప్తుండగానే నిద్రపోయారు. మా పుట్టింటివైపు తెలివి చూసి నాకు ఛాతీ ఉప్పొంగింది.

"ఏముందక్కా, జర నీళ్ళు కొడితే సాలు. కరెంటు లేకున్నా ఏసీయే" అన్నాడు తమ్ముడు, కాలు మీద కాలు వేసుకుని.

భోజనాలకు కూర్చున్నాం. నాలుగు ముద్దలు తిన్నామో లేదో మా మరదలు లేచి బకెట్టు, చెంబు తీసుకుని కిటికీల వైపు వెళ్ళింది. వచ్చి కూర్చుంది. పప్పు అయిపోయి పెరుగులోకి వచ్చేసరికి మళ్ళీ లేచింది. నేను చేతులు కడుక్కుంటుంటే మూడోసారి బకెట్టు నింపుతోంది.

"రోజంతా గిట్లనేనా?" అని అడిగాను.

"గిట్లనే వదినా. అర్ధగంటకోసారి తడపాలె. లేకపోతె ఉత్త గడ్డే" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మీ తమ్మునికి ఇల్లు సల్లగుంటదని తెలుసు. ఎట్ల సల్లగయితదో తెల్వది. సెప్పకుండ్రి, పరేషాన్ అయితడు" అని నవ్వింది.

ఉప్పొంగిన ఛాతీ అక్కడే దిగిపోయింది. తమ్ముణ్ణి పిలిచి చెంబు వాడి చేతిలో పెట్టాను. అక్కగా ఆ మాత్రం హక్కుంది. వాడు మొదటి చెంబు కిటికీ మీద, రెండో చెంబు తన లుంగీ మీద పోసుకున్నాడు.

తిరుగు బస్సులో మావారు, "మనం గూడ గవే పెడదాం" అన్నారు.

"నీళ్ళెవరు కొడ్తరు?"

"నేనే కొడ్త. సెలవులే గద."

"బడి తెరిసినంక?"

ఆయన కిటికీలోంచి కాలువ వైపు చూస్తూ కూర్చున్నారు. బస్సు కిటికీకి కూడా పరదా లేదు.

ఈ లోపల కోదాడలో ఇంకో పని జరిగిపోయింది. మా ఆడబిడ్డ మమ్మల్ని అడగకుండానే తన పరదాల్లాంటివే కుట్టించి బస్సు పార్సిల్లో పంపించేసింది. కొలత ఎక్కడిదమ్మా అంటే, గృహప్రవేశం రోజు కంటితో చూసుకుందట. కంటికి ఆ కిటికీ ఉన్నదానికంటే చిన్నదిగా కనపడినట్టుంది. తగిలించి చూస్తే రెండు జానలు పొట్టి. ఎదిగిన పిల్లాడికి పాత లాగు తొడిగినట్టు మెరూన్ పరదా మధ్యలో ఆగిపోయింది. కింద మిగిలిన సందులోంచి ఎండ దూరి, సోఫాలో సరిగ్గా కూర్చునే చోట మాత్రమే పడేది. పైన చీకటి, కింద మంట.

అక్క పంపింది కాబట్టి మావారు తీయలేరు. కిటికీ కాబట్టి మూయలేరు. సాయంత్రం ఆరింటిదాకా ఆ పరదా ముందు అటూ ఇటూ తిరిగేవారు.

మా దవాఖాన వీధిలో పరదాలు, దిండు గలీబులు కుట్టే టైలరమ్మ ఉంది. వాళ్ళ కోడలి కాన్పుకు నేనే డ్యూటీలో ఉన్నాను, అప్పటినుంచి పలకరింపు. కిందికి గుడ్డ అతకడానికి రమ్మంటే టేపు మెడలో వేసుకుని వచ్చింది. పరదా చూసింది. కొలత తీయలేదు. పరదా వెనక చెయ్యి పెట్టి, అద్దాన్ని ముట్టుకుని, చటుక్కున వెనక్కి తీసుకుంది.

"సిస్టరమ్మా, గిదేంది? ఎండను ఇంట్లకు పిలిసి, పరదా ఎన్క దాస్పెట్టిండ్రు" అంది.

"మరెట్ల?"

"బయట ఆపాలె. అద్దం కాలినంక లోపల నువ్వు పట్టు పరదా కట్టు, కంబలి కట్టు, కాక ఏడికి పోతది? సజ్జకు కొక్కేలు కొట్టిచ్చి బయటికెల్లి వెదురు తెర ఏయుండ్రి. తాడు గుంజితె పైకి సుట్టుకునేది. పొద్దుగూకినంక లేపుకోవచ్చు. నాకు కుట్టే పని పోతది గని, ఉన్న మాట సెప్తున్న."

మావారు అప్పటిదాకా పేపరు చదువుతున్నట్టు కూర్చుని ఉన్నారు. "లేపుకోవచ్చు" అనగానే పేపరు దించారు. లేచి వచ్చి, అద్దం మీద చెయ్యి పెట్టారు, పరదా మీద పెట్టారు, మళ్ళీ అద్దం మీద పెట్టారు. లోపలికి వెళ్ళి కాగితం, పెన్సిలు తెచ్చుకున్నారు. ఈసారి మధ్యాహ్నం మూడింటికి, నాలుగింటికి, అయిదింటికి విడివిడిగా గీతలు గీశారు. అంతా అయ్యాక నన్ను పిలిచి, తనకిప్పుడే తట్టినట్టు, "ఎండను బయటనే ఆపాలె" అన్నారు.

"అబ్బో, మంచి ఆలోచన" అన్నాను. టైలరమ్మ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ నా వైపు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

వెదురు తెర అల్లే ఆయన వచ్చి నాలుగు రోజుల్లో పని ముగించాడు. సన్నటి బద్దలు, మధ్యమధ్య నూలుతాడు, పక్కన ఒక కప్పీ. దించిన మొదటి మధ్యాహ్నం నేను డ్యూటీ నుంచి వచ్చి తలుపు తీస్తే హాల్లో లేత గోధుమరంగు వెలుతురు. నేల మీద సన్నసన్నటి చారలు. మంచులా ఏమీ లేదు, మే నెల మే నెలే. కానీ సోఫాలో కూర్చోవచ్చు, రిమోటును చేత్తో పట్టుకోవచ్చు. ముక్కాలి పీట సామాన్ల గదిలోంచి తిరిగి వంటింట్లోకి వచ్చింది.

ఆ సాయంత్రం ఎండ మెత్తబడ్డాక మావారు బయటికి వెళ్ళి తాడు లాగారు. తెర గరగరమంటూ పైకి చుట్టుకుంది. అవతల ఆకాశం అప్పుడే ఎర్రబారుతోంది. టీ గ్లాసులు పట్టుకుని నేనూ వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఒక గ్లాసు ఆయనకిచ్చి, "నిడమనూరు కాడ మీ ఇంట్ల కిటికీ పళ్ళెం అంతనే ఉండేదట గదా" అన్నాను.

ఆయన నా వైపు తిరగలేదు. "అక్క సెప్పిందా?"

"ఆఁ."

"పళ్ళెం అంత గూడ కాదు" అన్నారు. టీ ఒక గుక్క తాగి, "గిన్నె మూతంత" అన్నారు. నాకు నవ్వొచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది. గ్లాసు అడ్డం పెట్టుకున్నాను.

మే నెలాఖరులో మా ఆడబిడ్డ వచ్చింది. ఆమె బస్సు దిగానని ఫోన్ చేయగానే, తెర వచ్చాక మడిచి పెట్టేసిన మెరూన్ పరదా మళ్ళీ కిటికీకి ఎక్కింది. ఆమె హాల్లో కూర్చుని, పైట సర్దుకుని, నాలుగు పక్కలా చూసి, "నేను పంపిన పరదాతో ఇల్లెంత చల్లబడిందో చూశావా? మీకు చెబితే విన్నారా?" అంది. బయట వెదురు తెర తన మానాన తాను ఎండను ఆపుతోంది. మావారు నా వైపు బతిమాలుతున్నట్టు చూశారు. "మీ సలువే వదినా" అన్నాను. ఇంకాస్త పొడుగు కుట్టిస్తే బాగుండేదని ఆమే అంది.

ఈ యేడు సంగతి వేరే. మొన్న చలికాలంలో మా పడమటి ప్లాటులో ఎవరో ముగ్గు పోశారు. తర్వాత పునాదులు, తర్వాత పిల్లర్లు. రెండంతస్తులట. అది లేస్తే మాకు సాయంత్రం ఎండ ఉండదు, ఆకాశమూ ఉండదు. మావారు కొన్నాళ్ళు ఆ వైపు చూడ్డం మానేశారు. నేను, "పోనీయుండ్రి, నీడ ఉత్తగనే వస్తది" అని పరిహాసమాడాను గానీ, అది అంత బాగా కుదరలేదు.

ఒక సాయంత్రం చూస్తే ఆయన ఆ పిల్లర్ల మధ్య నిలబడి ఉన్నారు. ఇల్లు కట్టించుకుంటున్న దంపతులు, వాళ్ళ మేస్త్రీ, మధ్యలో మావారు, చేతిలో కాగితం. వాళ్ళు చిన్నవయసు వాళ్ళు, పెద్దమనిషి కదా అని శ్రద్ధగా వింటున్నారు. గబగబా వెళ్ళాను.

"పడమర దిక్కు కిటికీ మంచిగ పెద్దది పెట్టుకోండ్రి" అని చెప్తున్నారు.

"ఎండ కొడ్తది గద సార్?" అన్నాడు వాళ్ళ మేస్త్రీ.

"కొడ్తది. బయటికెల్లి వెదురు తెర ఏసుకోవాలె. పైన గదికి ఇంకా పెద్దది పెట్టుండ్రి, ఆడికెల్లి పొలాలు కనపడ్తయి."

ఆ అమ్మాయి నా వైపు తిరిగి, "సార్ ఇంజనీరా ఆంటీ?" అని అడిగింది.

"లెక్కల సారమ్మా" అన్నాను. "తెరల సంగతి మాత్రం నన్నడుగు, టైలరమ్మ దగ్గరికి తోలుకపోత."

మావారు వినపడనట్టు కాగితం మీద గీత పూర్తిచేస్తున్నారు. ఆ అమ్మాయి మొగుడు మాత్రం మా ఆయన చూపించిన చోట ఇటుక పెట్టి, రెండు చేతులూ చాచి, కిటికీ ఎంత రావాలో కొలుచుకుంటున్నాడు.